కొరమేను సాక్ష్యం

"కొల్లేట్లో కాలు పెట్టిన ప్రతి కొంగకీ తెలుసమ్మా, ఆ ఫొటో నా డబ్బుతో నేను తీయించిందని! ఏలూరు నుంచి ఫొటో స్టూడియో మదార్‌ని పిలిపించాను. ఆకివీడు దాకా బస్సు, అక్కణ్ణుంచి దోనె. గట్టు మీద నేను నిలబడి, 'ఇప్పుడు నొక్కు మదారూ!' అన్నాను. నొక్కాడు. అంతే!"

ఇంత మాటా ఒక్క ఊపిరిలో అనేసి నిత్యానందం మాస్టారు కాఫీ గ్లాసు ఎత్తారు. కాఫీ ఎప్పుడో చల్లారిపోయింది. అయినా వేడిగా ఉన్నట్టు ఊదుకుంటూ తాగారు.

కోడలు కెజియా గుమ్మంలో నిలబడి ఉంది. కాలేజీకి వెళ్ళే చీర కట్టుకుంది గానీ కాళ్ళకి చెప్పులు లేవు.

"ఆ కొంగల్ని పట్టుకొచ్చి సంతకం పెట్టించలేను కదండీ మావయ్యగారూ."

"పెట్టిస్తే పెడతాయి. మన ఊరి కొంగలు చదువుకున్నవి. మా బడి కిటికీలో వాలి ఎక్కాలు వినేవి."

కొడుకు వరదానం ఇడ్లీ తుంచుతున్నవాడల్లా ఆగాడు. నవ్వుదామా వద్దా అని భార్య మొహం చూశాడు. ఆ మొహంలో అనుమతి కనబడలేదు. మళ్ళీ ఇడ్లీ తుంచుకున్నాడు.

"నిన్న సాయంత్రం మదార్‌గారి అమ్మాయి రేహానాగారు ఫోన్ చేసి ఏమన్నారో మళ్ళీ చెప్తాను, వినండి," అంది కెజియా. "ఆ ఫొటో వాళ్ళ నాన్నగారు తనకోసం తాను తీసుకున్నదట. ఎవరూ పిలవలేదట, ఎవరి దగ్గరా డబ్బు తీసుకోలేదట. నెగెటివ్ ఇప్పటికీ వాళ్ళింట్లోనే ఉంది. 'మా నాన్న పేరు లేకుండా, మమ్మల్ని ఒక్క మాట అడక్కుండా ఎలా పెట్టేశారమ్మా?' అన్నారు. నా దగ్గర జవాబు లేదండీ."

"జవాబు నేను మీ కాలేజీవాళ్ళు తీసిన వీడియోలో చెప్పానుగా."

"ఆ వీడియో చూసే ఆవిడ ఫోన్ చేశారు!"

వంటింట్లో కుక్కరు ఒక కూత కూసి ఊరుకుంది.

కొల్లేటి నడుమ లంక గ్రామాల పాత ఫొటోలన్నీ ఒకచోట చేర్చి, అందరూ చూసేలా కంప్యూటర్‌లో పెట్టాలని కెజియా కాలేజీలో నలుగురు కలిసి ఆర్కైవ్ మొదలుపెట్టారు. ఆదివారాలు చర్చి అయ్యాక ఆమె ఇల్లిల్లూ తిరిగింది. 'ఈ ఫొటో ఎవరిదండీ?' అని అడిగితే ప్రతి ఇంట్లోనూ వేలు గోడవైపే వెళ్ళేది. మా గోడకుంది కదా, మాదే. కెజియా సంతకం తీసుకునేది. ఆ ఊళ్ళల్లో న్యాయం ఒక్కటే: గోడ ఎవరిదో ఫొటో వారిది. హిస్టరీ చెప్పే కెజియాకి కూడా ఆ న్యాయంలో లోటు కనపడలేదు. సొంత ఇంటి గోడ దగ్గర మొదటిసారి కాలు జారింది.

"డబ్బిచ్చి మీరు తీయించుకున్నదైతే హక్కు మీది," అంది ఈసారి నెమ్మదిగా. "ఆయన తనంతట తాను తీసిందైతే ఆయనది. ఆయన తర్వాత ఆయన పిల్లలది. కాగితం మన దగ్గరుండటం వేరండీ, హక్కు వేరు."

"గోడ నాది, మేకు నాది, అందులో నిలబడ్డది నా భార్య. ఇంక వేరే ఏమిటమ్మా?"

"ఇది తేలేదాకా ఆదివారం ఆకివీడు ప్రదర్శనలో అత్తయ్యగారి ఫొటో పెట్టరట. అది వేరు."

మాస్టారు గ్లాసు కింద పెట్టారు.

ఆ ఫొటో తప్ప, పోయిన ఆయన భార్య మరియమ్మకి ఇంకో ఫొటో లేదు. పాత రేషన్ కార్డు మీద ఉన్నదాన్ని ఫొటో అనడానికి ఎవరికీ నోరు రాదు. ఇందులో మాత్రం ఆవిడ వరద నీళ్ళలో దోనె మీద నిలబడి, చేతిలో గడతో, వెనకాల, మునిగిన బడిలోంచి తెచ్చిన నల్లబల్ల ఆనించుకుని, తల వెనక్కి వాల్చి నవ్వుతూ ఉంటుంది. కొల్లేటి చెమ్మకి ప్రింటు ఫ్రేము అద్దానికి అంటుకుపోయింది. ఊడదీస్తే మొహం చిరుగుతుందని కెజియా అద్దంతో సహా స్కాన్ చేసింది. ఆ ఫ్రేమే ఇప్పుడు ఆకివీడు వెళ్ళింది. ఇంటి గోడ మీద పలకంత తెల్లమచ్చ మిగిలింది.

"నాన్నగారూ," అన్నాడు వరదానం, చెయ్యి కడుక్కుంటూ. "కొరమేను సంగతి కూడా వీడియోలో చెప్పారా?"

"చెప్పకేం? నీళ్ళలోంచి ఇంతెత్తున ఎగిరింది. దాన్ని చూసే మీ అమ్మ నవ్వింది."

"ఫొటోలో చేపేదండీ మరి?"

"మదారు నొక్కేలోగా అది పనుందని వెళ్ళిపోయింది."

"చేప అబద్ధమని జిల్లా అంతటికీ తెలుసు. మిగతాదన్నా నిజమేనా?"

వరదానం హాస్యానికే అన్నాడు. కానీ ఆ మాట గదిలో ఎక్కడ పడిందో అక్కడే ఉండిపోయింది. ఎవరూ తీయలేదు.

"ఒక్కటే అడుగుతాను మావయ్యగారూ," అంది కెజియా. "డబ్బిచ్చారా?"

మాస్టారు తెల్లమచ్చ వైపు చూశారు.

"ఇచ్చాను."

"సరేనండీ."

అంతే. ఇంకో ప్రశ్న లేదు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. స్కూటీ వీధి మలుపు తిరిగే చప్పుడు దాకా మాస్టారు విన్నారు. కోప్పడి వెళ్ళినా బాగుండేది. 'సరేనండీ' అని నమ్మేసి వెళ్ళింది.

వరదానం కూడా ఆఫీసుకి వెళ్ళిపోయాక ఇల్లు తన చప్పుళ్ళు తాను చేసుకోవడం మొదలుపెట్టింది. ఫ్రిజ్ మూలిగింది. కుళాయి కారింది. మాస్టారు కుర్చీ లాక్కుని తెల్లమచ్చ ఎదురుగా కూర్చున్నారు.

"విన్నావా?" అన్నారు దానితో. "ఏలూరు పట్నంలో గోడ మనది కాదట."

ఫ్రేము ఉన్నప్పుడు ఇలా మాట్లాడితే కనీసం ఆవిడ నవ్వు మొహం ఉండేది. మచ్చ నవ్వదు.

ఇంతలో ఫోను మోగింది. ఆయన గబుక్కున అందుకున్నారు. ఈమధ్య అలాగే అందుకుంటున్నారు. ఫొటో ఆర్కైవ్‌లోకి ఎక్కకముందు ఆ ఫోనుకి లోను ఇస్తామనే పిల్ల తప్ప చేసేవాళ్ళు లేరు. 'వద్దమ్మా, భోంచేశావా?' అని ఆ పిల్లనే అడిగేవారు. ఎక్కాక పాత శిష్యులు ఒక్కొక్కరే గుర్తుపట్టి చేస్తున్నారు.

"మాస్టారూ, సుబ్బరాజునండీ! ఆదివారం వ్యాన్ మాట్లాడేశానండీ. మన లంక నుంచి పిల్లా జెల్లా అందరం వస్తున్నాం. అమ్మగారి ఫొటో ముందు నిలబడి మీరు 'నొక్కు మదారూ' అని ఎలా అరిచారో మళ్ళీ అరవాలండీ."

"అరుస్తాలే."

"ఫొటో ఇంటికొచ్చాక అమ్మగారు ఏవన్నారండీ? మా ఆవిడకి మీ నోటే వినిపించాలి. ఫోను స్పీకర్లో పెట్టాను."

"'ఒక్కదాన్నే రాణిలా ఉన్నానండీ' అంది."

అవతల పది గొంతులు నవ్వాయి. మాస్టారు ఫోను చెవికి ఇంకాస్త దగ్గరగా ఆనించుకున్నారు.

"సుబ్బరాజూ, ఒకవేళ ఆ ఫొటో అక్కడ లేదనుకో. అప్పుడూ వస్తారట్రా?"

"అమ్మగారు లేకపోతే ఇంకెందుకండీ రావడం!" అని నవ్వి, "అయినా ఎందుకుండదండీ? మీదే కదా!" అని పెట్టేశాడు.

ఫోను ఆగిపోయాక కూడా మాస్టారు దాన్ని చెవి దగ్గరే ఉంచుకున్నారు.

తరవాత లేచి చొక్కా వేసుకున్నారు. ఎండ లేదు, వాన లేదు. అయినా గొడుగు తీసుకున్నారు. గొడుగు లేకుండా ఆయన పెళ్ళికి కూడా వెళ్ళలేదని లంకలో చెప్పుకునేవారు. షేర్ ఆటో ఎక్కి వన్‌టౌన్‌లో దిగారు.

మదార్ స్టూడియోకి షట్టరు సగమే ఎత్తి ఉంది. ఒకప్పుడు పెళ్ళికూతుళ్ళు వరసకట్టిన చోటు. ఇప్పుడు ఆధార్ కార్డులకి లామినేషన్, పాస్‌పోర్టు ఫొటోలు. లోపలి గోడ మీద హంసలు ఈదే చెరువు పరదా అలాగే ఉంది. హంసలు వెలిసిపోయి బాతుల్లాగా తయారయ్యాయి.

వంగి లోపలికి వెళ్ళబోయిన మాస్టారు అక్కడే ఆగిపోయారు. లోపల్నుంచి కెజియా గొంతు వినిపించింది.

"మా మావయ్యగారు కోతలు కోస్తారండీ, కాదనను. కొంగలకి ఎక్కాలు నేర్పుతారు, చేపలకి పనులు పెడతారు. కానీ డబ్బు దగ్గర అబద్ధం ఆడే మనిషి కాదు. ఇచ్చానన్నారంటే ఇచ్చే ఉంటారు. నాది పూచీ."

"అంటే మా నాన్న అబద్ధమాడారంటారా అమ్మా?"

రేహానా గొంతు పెద్దది కాలేదు. పెద్దదయితే బాగుండేదని మాస్టారికి రెండోసారి అనిపించింది ఆ రోజు.

"నాకేం డబ్బక్కర్లేదండీ," అంది రేహానా. "అమ్ముకోను కూడా. కళ్ళు మసకలొచ్చాక కూడా నాన్న ఈ నెగెటివ్ తీసి ట్యూబులైటుకి పెట్టుకుని చూసేవారు. 'ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ నేనే తీశాను రేహానా. నాకోసం తీసుకున్నది ఇదొక్కటే' అనేవారు. ఆ ఒక్కటీ ఇంకొకరు పిలిపించి, డబ్బు పారేసి, 'నొక్కు' అంటే నొక్కింది అంటే... ఇంక ఆయనకేం మిగిలిందండీ?"

లామినేషన్ మెషిన్ వేడికి సన్నగా కీచుమంటోంది.

మాస్టారు గొడుగు కొనతో షట్టరు మీద టకటకా కొట్టి, బళ్ళోకి ఇన్‌స్పెక్టరు వచ్చినట్టు లోపలికి వచ్చారు.

"కెజియమ్మా, ఆ పూచీ వెనక్కి తీసుకో. నేను పైసా ఇవ్వలేదు!"

లాటరీ తగిలిన కబురు చెప్పినంత ఉషారుగా చెప్పారు. కెజియా స్టూలు మీంచి లేచి నిలబడింది.

"మావయ్యగారూ!"

"పిలిపించనూ లేదు. ఆకివీడులో పెళ్ళి తీయడానికి వచ్చాడు మదారు. వరదకి పెళ్ళి ఆగిపోయింది, కెమెరాలో రీలు మిగిలిపోయింది. నీళ్ళు చూద్దామని మా గట్టు మీదకొచ్చాడు. తర్వాత నేను డబ్బివ్వబోతే, 'మీ కోసం తీయలేదు మాస్టారూ' అని చెయ్యి వెనక్కి నెట్టేశాడు. రేహానమ్మా, మీ నాన్న సత్యవంతుడు. అబద్ధాలకోరు ఈ ఏలూరులో నేనొక్కణ్ణే. ఆ మాత్రం పేరన్నా నాకు ఉంచండి."

రేహానా కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. నవ్వుతోందో ఏమో మాస్టారికి తెలియలేదు.

"మరి గట్టు మీద నిలబడి మీరు అరిచింది?" అంది కెజియా.

"గట్టు మీద నిలబడ్డది మదారు."

"మీరెక్కడున్నారండీ?"

మాస్టారి నోట్లో ఒక కథ అప్పుడే సిద్ధమైంది. అందులో కొంగ కూడా ఒకటి వచ్చి వాలింది. ఈలోగా రేహానా సొరుగు లాగింది.

"ఎక్కడున్నారో నేను చూపిస్తానండీ."

నూనె కాగితం మడతలోంచి పోస్టుకార్డంత ప్రింటు తీసి బల్ల మీద పెట్టింది. మదార్ మొదట కడిగిన ప్రింటు. ఎక్కడా కోయనిది.

దోనె మొత్తం ఉంది. ఒక కొసన మరియమ్మ, గడ పట్టుకుని, నల్లబల్ల ముందు, తల వెనక్కి వాల్చి. రెండో కొసన ఒక కుర్ర మాస్టారు. మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ముడుచుకుపోయి ఉన్నాడు. చేతిలో గొడుగు తిరగబడి తామరపువ్వులా విచ్చుకుంది. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నోరు మాత్రం బావిలా తెరుచుకుని ఉంది.

ఆ గొడుగు పైన, విల్లులా వంగి, గాల్లో నిలిచిపోయి ఒక కొరమేను.

"చేప!" అంది కెజియా. "మావయ్యగారూ, చేప నిజమేనా!"

"చేప ఎప్పుడూ నిజమేనమ్మా. మీరు నమ్మనిది నిజం, నమ్మింది అబద్ధం. అందులో నా తప్పేముంది? తాడేపల్లిగూడెంలో పుట్టినవాణ్ణి, బావిలో తప్ప నీళ్ళు చూసినవాణ్ణి కాదు. మీ అత్తయ్య దోనె నడుపుతుంటే కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నాను. దబ్బున ఏదో ఒళ్ళో పడింది. 'పాము!' అని ఒక్క కేక పెట్టాను. పైకి తన్నాను. అదీ సంగతి. ఆవిడ నవ్వింది చేపని చూసి కాదు, నన్ను చూసి."

ఈసారి కెజియా నవ్వు ఆపుకోలేకపోయింది. పొద్దుటి నుంచీ బిగబట్టిందంతా అందులో వచ్చేసింది. రేహానా కూడా నవ్వింది.

"మీరే కోయమన్నారని నాన్న చెప్పేవారండీ," అంది. "బతిమాలారట."

"మరేం చెయ్యనమ్మా? ఈ అవతారం గోడకెక్కితే బళ్ళో నా మాట ఎవడు వింటాడు? 'నన్ను తీసెయ్యి మదారూ' అన్నాను. పాపం, కత్తెర పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు."

వాళ్ళిద్దరి నవ్వూ సద్దుమణిగింది. మాస్టారు మాత్రం బల్ల మీంచి కళ్ళు తీయలేదు. దోనె ఈ కొస నుంచి ఆ కొస దాకా వేలితో నెమ్మదిగా గీశారు. వేలికి జానెడు దూరం కూడా లేదు.

"మాకు పెళ్ళి ఫొటో లేదు," అన్నారు. "ఇద్దరం కలిసి ఉన్నది ఇదొక్కటే."

వీధిలో సోడాబండి వెళ్తున్న చప్పుడు వినిపించింది.

"ఇస్తానండీ," అంది రేహానా చివరికి. "ఆదివారానికి పెద్దది తీయించి ఇస్తాను. రాసి ఇమ్మన్నా ఇస్తాను. కింద 'ఫొటో: మదార్' అనుండాలి. ఇంకొక్కటి. కోయకూడదు. మా నాన్న తీసింది ఇదండీ. సగం కాదు."

కెజియా మొహం వెలిగి, అంతలోనే మళ్ళీ వాడింది. సంచీలోంచి ఒప్పుదల కాగితం తీసింది గానీ రేహానాకి ఇవ్వలేదు. మావగారి ముందు పెట్టింది.

"అయితే మీ ఒప్పుదల కూడా కావాలండీ. ఫొటోలో ఉన్న మనిషి ఎదురుగా ఉన్నప్పుడు అడక్కుండా పెట్టకూడదని మేమే నియమం పెట్టుకున్నాం. మీరు వద్దంటే వద్దు. ఇందులో బలవంతం లేదు."

మాస్టారు కలం మూత తీశారు. సుబ్బరాజు వ్యాన్ కళ్ళ ముందు ఆగింది. పిల్లా జెల్లా దిగారు. గట్టు మీద అరిచిన మాస్టారి కోసం వెతుక్కుంటూ వచ్చి, గొడుగు కింద ముడుచుకున్న మాస్టారి ముందు నిలబడ్డారు. ముందు ఎవడు నవ్వుతాడో కూడా ఆయనకి తెలుసు. ఆ నవ్వయ్యాక మళ్ళీ ఎవరన్నా ఫోను చేస్తారో లేదో, అదే తెలియలేదు.

కలం గాల్లోనే ఉండటం కెజియా చూసింది. ఆయన పక్కకి జరిగి, గొంతు తగ్గించింది.

"పోనీ, రేహానాగారిని ఇంకో మాట అడగనా? ఫొటో ఇంటికొచ్చినప్పుడు అత్తయ్యగారు 'ఒక్కదాన్నే రాణిలా ఉన్నానండీ' అన్నారు కదా. ఆవిడకి నచ్చింది కోసిన ఫొటోయే కదండీ. ఆవిడ మాట మీద అదే ఉంచమంటే..."

రేహానా వింది. నూనె కాగితం మడతపెడుతున్న చెయ్యి ఆపింది.

"ఆవిడకి అదే ఇష్టమయితే నేను పట్టుబట్టనండీ," అంది. "అందులో ఉన్న మనిషి ఆవిడే కదా. ఆవిడ మాటకన్నా నా మాట ఎక్కువ కాదు."

ఇద్దరు ఆడవాళ్ళూ ఆయన్నే చూస్తున్నారు. తప్పించుకునే తలుపు బార్లా తీసి పెట్టారు. 'అవును' అంటే చాలు.

మాస్టారు బల్ల మీది మరియమ్మని చూశారు. ఆవిడ తల వెనక్కి వాల్చి నవ్వుతూనే ఉంది, రెండో కొసన ఉన్నవాణ్ణి చూసి.

"అన్నీ నిజాలే చెప్పాననుకోకండి," అన్నారు. "ఆ రాణి మాట నేను కల్పించాను. ఆవిడ అలా అనలేదు."

"మరేమన్నారండీ?"

"అటూ ఇటూ తిప్పి చూసింది. వెనక్కి తిప్పి కూడా చూసింది. 'మీరేరండీ?' అని అడిగింది."

కలం ఆయన చేతిలో అలాగే ఉంది.

"ఫొటోలో నేను పట్టలేదన్నాను."